ఫోటోలో మిగిలిపోయిన చెయ్యి

మొన్నాదివారం కాదు, ఆ ముందు ఆదివారం పొద్దున్న పదింటికి మా ఆయన పోయాడు. పదకొండున్నరకి చేపల సంచీ పట్టుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చేశాడు. ఆ మధ్యలో గంటన్నర జరిగిన గొడవంతా నా పుణ్యమే. నవ్వకండి మరి! నవ్వితే చెప్పను. సరే, నవ్వుకోండి గానీ టీ చల్లారనివ్వకండి.

నా ఫోటోల పిచ్చి మీకు తెలిసిందే కదా. ఈ దీవి ఊళ్ళో, గోల్ ఘర్ బజార్లో కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం నాది. రోజంతా "ఇప్పుడు కనబడుతోందా భయ్యా? ఇప్పుడో?" అని జనాన్ని అడిగే పని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టుకోడానికి పనికొస్తుంది. కిందటేడు మంచి కెమెరా ఉన్న ఫోను కొన్న దగ్గర్నించీ ఆన్‌లైన్‌లో ఒక ఫోటోల గ్రూపులో చేరాను. అందులో ఒక పెద్దాయనున్నారు, అందరం సార్ అంటాం. ఎక్కడుంటారో ఎవరికీ తెలీదు. ప్రొఫైల్లో పిచ్చుక బొమ్మ. ఆ పిచ్చుక చేత మంచిమాట అనిపించుకోవాలని నా తాపత్రయం.

మొదట్లో సూర్యాస్తమయం పెడితే, "సూర్యుడు బాగానే ఉన్నాడమ్మా, సముద్రమే ఒలికిపోయేలా ఉంది" అన్నారు. హొరైజన్, అదే నీళ్ళూ ఆకాశం కలిసే గీత, వంకరట. మా వీధి కుక్కని పెడితే "కుక్క ఏది?" అన్నారు. వెనకాల సైకిళ్ళూ, బకెట్లూ, ఆరేసిన బట్టలూ ఎక్కువైపోయి పాపం కుక్క కనబళ్ళేదు. ఏడో ఫోటోకి "ఊఁ" అన్నారు. ఆ ఒక్క ఊఁతో వారం రోజులు నా కాళ్ళు నేలమీద లేవు. అప్పట్నించీ ఆయన చెప్పినవన్నీ నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. గీత వంకర ఉండకూడదు. అక్కర్లేని సామాను ఎడిటింగ్‌లో చెరిపెయ్యాలి. కళ్ళు లాగేసే రంగు ఓ మూలన ఉండకూడదు. ఫ్రేములో ముగ్గురుంటే అందం, నలుగురుంటే బస్టాపు. నేనేమో బుద్ధిగా అన్నీ పాటించే మనిషిని. అదే కొంప ముంచింది.

ఇక అసలు సంగతి. మా ఆయన సింహాచలం, మా బావగారు, ఇంకో ఇద్దరు, మొత్తం నలుగురు ఒకే డింగీలో, అదే చిన్న ఇంజను పడవలో, చేపల వేటకెళ్తారు. ఆ వారం బుధవారం వెళ్ళారు, శుక్రవారం సాయంత్రానికి రావాలి. రాలేదు. శనివారం చీకటి పడింది, అయినా రాలేదు. సముద్రం మీద సిగ్నల్ ఉండదు, ఎవర్నడిగినా "ఆ జాయేంగే దీదీ", వచ్చేస్తార్లే అక్కా, అంటారు గానీ ఎప్పుడో చెప్పరు. మా అత్త లంబాలైన్ అనే పేటలో బావగారింట్లో ఉంటుంది. గంటకోసారి ఫోను. నేనిక్కడ ప్రోతరాపూర్‌లో మా ఇంట్లో అన్నం కలుపుకోవడం, పక్కన పెట్టెయ్యడం.

మా అత్తకో పట్టింపుంది. పడవొచ్చాక "అందరూ క్షేమంగా వచ్చారు" అని నోటితో అనకూడదు. అంటే సముద్రం వింటుందట! అందుకని మా ఇంట్లో, జెట్టీ దగ్గరున్నవాళ్ళు పడవ ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాలి. మాటా పలుకూ ఉండకూడదు. అందరూ ఆ ఫోటో పెద్దది చేసుకుని ముందు తలకాయలు లెక్కపెట్టుకుంటారు. చేపలెన్ని పడ్డాయన్నది తర్వాత. ఎప్పుడూ ఈ పని మా తోటికోడలిది. ఆవిడ ఫోటోలో సగం ఆవిడ బొటనవేలే ఉంటుంది. మిగతా సగంలో నాలుగు తలకాయలు కచ్చితంగా ఉంటాయి. "అక్కా, ఈసారి నువ్వు అత్త దగ్గరుండు, ఫోటో సంగతి నాకొదిలెయ్" అన్నాను పెద్ద పోటుగత్తెలాగ.

ఆదివారం పొద్దున్నే జెట్టీ మీద నిలబడి చూస్తుంటే, దూరాన పసుపు చుక్క. మా ఆయన రెయిన్‌కోటు! నేనే కొన్నాను దాన్ని. ఎంత దూరంలో ఉన్నా కనబడాలని ఏరికోరి నిమ్మపండు రంగు తీసుకున్నాను. ఆ చుక్క చూడగానే నాకు ఏడుపొచ్చేసింది. పడవ దగ్గరికొచ్చాక ఏడుపు తిట్లలోకి దిగింది.

"ఏటి మావా, ఒక్క కబురు పంపలేవా?"

"ఇంజను పాడై ఓ దీవి పక్కన పడున్నాం. చేపకిచ్చి పంపమంటావా కబురు?"

ఆ మాటకి నలుగురూ నవ్వారు. మా ఆయన కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి వాళ్ళన్నయ్య భుజమ్మీదేసి పకపకా నవ్వుతున్నాడు. టక్ మని క్లిక్ చేశాను. నా జన్మలో అంత మంచి ఫోటో తియ్యలేదు. వెంటనే ఫ్యామిలీ గ్రూపులో పడేస్తే అయిపోయేది. కానీ నేను ఫోటోగ్రాఫర్ని కదా!

వాళ్ళు చేపలు దింపడానికీ, మెకానిక్కుకి ఇంజను చూపించడానికీ అక్కడే ఉండిపోయారు. నాలుగు రోజులకి వాళ్ళ ఫోన్లన్నీ ఎప్పుడో చచ్చాయి. నేను వంట చెయ్యాలని బస్సెక్కాను. అత్త ఫోను.

"పడవొచ్చిందా?"

"వచ్చిందత్తా."

"ఫోటో ఏదే?"

"పెడుతున్నానత్తా, రెండే నిమిషాలు."

రెండు నిమిషాలు అనుకున్నది నలభై అయింది. ఎందుకంటే సార్‌కి పంపాను. పిచ్చుక ఆన్‌లైన్‌లోనే ఉంది. వెంటనే జవాబు: "పడవ ఒరిగింది. ఆ డబ్బాలెందుకు? కుడివైపు పసుపు కళ్ళు పీకేస్తోంది. నలుగురెందుకు?"

ఇంటికొచ్చి కూచున్నాను. ముందు పడవని నిఠారు చేశాను. డీజిల్ డబ్బా మీద వేలు రాశాను, మాయం. నీలం బకెట్ మాయం. చిరిగిన వల ముక్క మాయం. అహా, ఎంత హాయిగా ఉందో! ఇంట్లో చీపురు పట్టినా ఇంత శుభ్రం అవదు. తర్వాత పసుపు. రంగు తగ్గించి చూస్తే జ్వరమొచ్చినట్టు బూడిదరంగులో తేలాడు. బాలేదు. చుట్టూ వేలితో గీశాను, నొక్కాను. ఆ జాగాలోకి సముద్రం వచ్చి కూచుంది. ముగ్గురు! పసుపు పోయింది, బస్టాపూ పోయింది, ఒక్క దెబ్బకి రెండూ! ఒట్టేసి చెప్తున్నాను, నాకప్పుడు మొగుడు కనబళ్ళేదు. పసుపు కనబడింది. కళ్ళజోళ్ళు అమ్మే మనిషిని!

సార్‌కి పంపాను. ఊపిరి బిగపట్టుకుని కూచున్నాను. "అద్భుతం తల్లీ. ఈ పడవలో ఎవరో లేరన్న వెలితి గుండె పిండేస్తోంది. ఎదిగావు." ఎదిగావు! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి నాకు. ఆ ఊపులో అదే ఫోటో ఫ్యామిలీ గ్రూపులోకి తోశాను. మాటలు రాయకూడదు కదా, ఉత్తినే ఎందుకని కింద దండం పెట్టే బొమ్మ ఒకటి పెట్టాను.

అర నిమిషంలో మా మరిది మెసేజ్. "వదినా, ఇది నిజమేనా?" నేనే తీశానంటే నమ్మలేకపోతున్నాడు కాబోలనుకుని "నిజమే, నేనే జెట్టీ దగ్గర తీశాను" అని రాశాను. "ధైర్యంగా ఉండు వదినా" అన్నాడు. ఇదేం మెచ్చుకోలో అర్థంకాలేదు. అయినా మర్యాద కదా, "థాంక్స్ అబ్బాయ్, ఇంకా నేర్చుకుంటున్నాను" అని పెట్టాను. అంతలో ఫోను చార్జింగ్ అయిపోయి నల్లబడింది. ఎడిటింగ్ అంతా తినేసింది మరి. చార్జింగ్‌లో పెట్టి బియ్యం కడగడానికి వెళ్ళాను.

బియ్యం ఇంకా కుక్కర్లో పడలేదు, పక్కింటి దీదీ పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుని గొల్లుమంది. "హిమ్మత్ రఖో బెహన్! మై హూఁ నా!" ధైర్యంగా ఉండాలట, తనున్నదట. నాకేం అర్థంకాలేదు. "మీ తోటికోడలు ఫోన్ చేసి, వెళ్ళి తోడు కూచోమంది" అంటుంది. ఎందుకు తోడు? అడుగుదామంటే ఆవిడ అడగనిస్తేగా! ఎవరో పోయారని మాత్రం తెలిసింది. ఎవరు? ఆ ఏడుపు చూసి "ఎవరు పోయారు దీదీ?" అనడం మొరటుగా ఉంటుందని ఊరుకున్నాను. మా పెద్దమ్మేమో, ముసలావిడ పోయినట్టుంది అనుకుని ఆవిణ్ణి తలుచుకుని నేనూ ఏడవడం మొదలెట్టాను. బాగానే ఏడ్చాను కూడా. మా పెద్దమ్మకి ఇవాళ్టికీ తెలీదు ఈ సంగతి, చెప్పకండి.

ఇంకో ముగ్గురాడవాళ్ళొచ్చారు. ఒకావిడ నా స్టవ్ ఆపేసింది. ఇంకొకావిడ ఫ్లాస్కులో టీ తెచ్చి బలవంతంగా తాగించింది. అందులో పంచదార తక్కువైంది. అడగబోయి ఆగాను.

అప్పుడొచ్చింది ఆటో. అందులోంచి మా అత్త దిగింది, జుట్టు విరబోసుకుని, కాళ్ళకి చెప్పుల్లేకుండా. వెనకాల మా తోటికోడలు. అత్త సరాసరి వచ్చి నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"నా కొడుకేడే?"

"జెట్టీ దగ్గరున్నాడత్తా!"

"ఫోటోలో లేడేటే?"

"ఉన్నాడత్తా, నేనే చెరిపేశాను. పసుపు బాలేదని."

అందరూ నన్ను చూస్తున్నారు. దీదీ నా నుదుటి మీద చెయ్యేసి చూసింది. "సద్మా లగా హై" అంది పక్కావిడతో. దుఃఖంతో నాకు మతి పోయిందట!

"సద్మా కాదు దీదీ, ఎడిటింగ్!" అని అరిచాను. "నలుగురుంటే బస్టాపులా ఉంటుందని సార్ చెప్పారు! ముగ్గురుంటే అందం!" నేను ఎంత విడమరిచి చెప్తే వాళ్ళు అంత గట్టిగా ఏడుస్తున్నారు. నాకే డౌటొచ్చింది, నిజంగా మతి పోయిందేమోనని.

మా తోటికోడలు ఫోను నా ముఖం మీద పెట్టింది. "మరి ఇదేటమ్మా?" చూశాను. నా కళాఖండం. ఆవిడ ఫోటోని బాగా పెద్దది చేసి పట్టుకుంది. మా బావగారి భుజమ్మీద ఒక చెయ్యి. చెయ్యి ఒక్కటే! వెనకాల మనిషి లేడు. సముద్రంలోంచి వచ్చి ఎవరో భుజం తట్టినట్టుంది. మనిషినంతా చెరిపి మణికట్టు దగ్గర ఆగిపోయాను నేను.

మా అత్త లంబాలైన్ నించి ఆటోలో వస్తూ దారంతా ఆ చెయ్యే చూసుకుందట. ముసలి ప్రాణం, ఆ బీపీతో ఏమైనా అయ్యుంటే? అప్పుడు తెలిసొచ్చింది నాకు ఏం చేశానో. ఎన్ని లెంపకాయలు వేసుకున్నా తక్కువే.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో మా ఆయన. నిమ్మపండు రంగు రెయిన్‌కోటు, చేతిలో చేపల సంచీ. ఇంటినిండా ఏడుస్తున్న జనాన్ని చూసి బిత్తరపోయాడు.

"ఏటైంది? ఎవరు పోయారు?"

దీదీ వేలు చూపించింది. "తుమ్." నువ్వేనట!

అత్త కొడుకుని పట్టుకుని తల తడిమింది, చేతులు తడిమింది, ఆ కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఆ తర్వాత నేలమీద కూలబడి అప్పుడు ఏడ్చింది, అసలైన ఏడుపు. మా ఆయనకి అంతా చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. ఫోటో చూసి, నన్ను చూసి, ఒక్కటే అడిగాడు. "బకెట్టు పోయింది సరే. నేనూ బకెట్టూ ఒకటేనా నీకు?"

కోటు కొన్నదే నువ్వు కనబడాలని మావా, అనబోయి, మాటలెందుకని చార్జింగ్‌లోంచి ఫోను లాక్కున్నాను.

వెంటనే అసలు ఫోటో పెట్టాను గ్రూపులో. వంకర పడవ, డీజిల్ డబ్బా, బకెట్, మూసుకున్న కళ్ళు, కళ్ళు పీకేసే పసుపు, అన్నీ. సార్‌కి కూడా పంపాను. "మళ్ళీ వెనక్కెళ్ళావేమిటి? ఆ పసుపు తీసెయ్యి" అన్నారు. "కుదర్దు సార్, ఆయన మా ఆయన" అని రాశాను. పిచ్చుక ఇంతవరకూ పలకలేదు.

అత్త మాత్రం పది రోజులు నాతో మాట్లాళ్ళేదు. నేను ఫోన్ చేస్తే తోటికోడలికిచ్చేసేది. సార్ ఎంత తిట్టినా తట్టుకున్నాను గానీ, ఇది తట్టుకోలేకపోయాను.

నిన్న మళ్ళీ పడవొచ్చింది. జెట్టీ మీద ఫోను ఎత్తానో లేదో, మా ఆయన పోలీసులకి దొరికిపోయినవాడిలా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. ఆయన్ని చూసి మిగతా ముగ్గురూ ఎత్తారు! ఇక కాంపోజిషన్ ఏముంటుంది, నా తలకాయ. అలాగే తీసి, వేలితో ఎక్కడా ముట్టుకోకుండా, ఊపిరి పీల్చే లోపల గ్రూపులో పడేశాను.

ఐదు నిమిషాలకి అత్త దగ్గర్నించి వాయిస్ మెసేజ్. పది రోజుల తర్వాత మొదటి మాట. భయంభయంగా నొక్కాను.

"నాలుగు తలకాయలు, ఎనిమిది చేతులు. రెండుసార్లు లెక్కెట్టాను. ఫోటో బాగా తీశావే అమ్మీ."