ఏ గడప ముందు ఎంతసేపు

శ్రావణం, శుక్రవారం. రాత్రి నుంచి ముసురు. మగ్గం గుంటలో ఊరిన నీళ్లు బకెట్‌తో ఎత్తిపోశాను. పది గంటలకు ఫోన్ వచ్చింది. మేడం చనిపోయింది.

ఆ రోజు నా పుస్తకంలో ఇంతే ఉంది. వాన, ఎండ, చేసిన పని రాసుకోవడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయి అడిగింది. రాయడానికి భయంగా ఉంది. ఎందుకో చెబుతాను.

మేడం యూనివర్సిటీలో మానవశాస్త్రం చెప్పేది. మనుషుల మాట, నమ్మకం, బతుకు గురించిన చదువు అది. సిద్దిపేటలో మా మేడ మీది గదిలో కిరాయికి దిగి చుట్టుపక్కల ఊళ్లు తిరిగింది. ఏడో తరగతితో బడి మానేసిన నన్ను తోడు తీసుకెళ్లేది. నా రోజు పుస్తకం చూసి, "అన్నా, మా పిల్లలు ఎంత చదివినా గిట్ల రాయరు. చూసింది వదిలేసి అనుకున్నది రాస్తరు" అంది. తన పుస్తకాలు ఒక్కొక్కటే ఇచ్చేది. అర్థం కాని చోట వేలు పెట్టి చూపిస్తే మగ్గం పక్కన పీట వేసుకుని చెప్పేది. వింటూ నేను చేయి ఆపితే, "మగ్గం ఆగితే పాఠం బంద్" అనేది.

అప్పుడామె బాణామతి మీద పని చేస్తోంది. ఎవరైనా మంచాన పడితే, గిట్టనివాళ్లు మంత్రం పెట్టారని నమ్మడం. ఊళ్లలో ఆ మాట పైకి అనరు. "ఎవలో చేసిన్రు" అంటారు, అంతే. "ఆ 'ఎవలో' ఉన్న జాగ ఖాళీగ ఉంటది అన్నా. ఎవల పేరు వచ్చి అండ్ల పడుతదా అని అందరు చూస్తుంటరు" అని మేడం చెప్పేది.

ఒక ఊళ్లో ఆ పేరు మేమే వేశాం.

అక్కడ ఒంటరిగా ఉండే అవ్వ ఒకామె బాగా మాట్లాడేది. పాత సంగతులు, పిల్లల జబ్బులకు ఆకు పసర్లు, అడిగినవన్నీ చెప్పేది. మిగతా ఇళ్లకు ఒక్కసారి వెళ్లిన మేము ఆమె ఇంటికి వారంలో నాలుగుసార్లు వెళ్లాం. ఐదోసారి వెళ్లేసరికి వాకిట్లో నలుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. అవ్వ లోపల గడియ పెట్టుకుంది. పక్క ఇంటి పిల్లకు మూడు రోజులుగా జ్వరం.

"సదువుకున్న మేడం ఊకె గీ ఇంటికే వస్తున్నదంటె ఉత్తగనే వస్తదా?" అన్నాడు పిల్ల తండ్రి. అతని చేతిలో పటకారు ఉంది. పళ్లు ఊడబెరికితే మంత్రం పారదని నమ్మేవాళ్లున్నారు.

మేడం వాదించలేదు. "తమ్మీ, పొద్దటి సంది చాయ్ తాగలే. మీ ఇంట్ల పోస్తరా?" అని అతని ఇంటికే నడిచింది. గడప ముందు చెప్పులు విడిచింది. ఇంటికొచ్చిన మనిషిని కాదనలేక అతను వెనకే వచ్చాడు. ఆమె పిల్ల ఒళ్లు ముట్టుకుని చూసి, నన్ను ఆటో తెమ్మంది. తల్లీతండ్రీ పిల్లను దవాఖానకు తీసుకెళ్లారు. మేడం ఆ నలుగురిలో రెండో మనిషి ఇంటికి వెళ్లింది. తర్వాత మూడో ఇల్లు.

"మా ఇంటికెప్పుడొస్తవు మేడం? మేం మనుషులం కామా?" అని ఎదుటి గుమ్మంలోంచి ఒకామె కేకేసింది.

"జర ఆగుమను, నేనింక ఇల్లు ఊడ్వలే!" అంటూ ఇంకొకామె పరుగెత్తింది.

పొద్దు గుంకేలోపు వాడ మొత్తం తిరిగాం. ప్రతి ఇంట్లో అంతే సేపు, అవే ప్రశ్నలు. అవ్వ ఇల్లు వాటి మధ్య ఒకటి. ఆమె గడియ తీసి మంచినీళ్లు ఇచ్చింది. తాగుతుంటే మేడం పళ్లు చెంబు అంచుకు తగిలి టకటకమన్నాయి. అప్పటిదాకా ఆమెకు భయం లేదనుకున్నాను.

"మనమే చేసినం అన్నా" అంది బస్సులో. "మన చెప్పులు ఏ గడప ముందు ఎంతసేపు ఉన్నయో ఊరంత చూస్తది."

ఆ తర్వాత ఏ ఊరికి వెళ్లినా మొదటి గడప నుంచి చివరి గడప దాకా ఒకే తీరు. ఆమె రాసిన పుస్తకంలో ఆ ఊరికి వేరే పేరు పెట్టింది. అసలు పేరు విద్యార్థులకు కూడా చెప్పలేదు. "నాకు భయం పోయిన్నాడు ఊర్లకు పోవుడు బంద్ చేస్త" అనేది.

మేము మిరుదొడ్డి వైపూ తిరిగాం, కొండపాక వైపూ తిరిగాం. ఏ ఊరో అడగకండి. అవ్వ ఇంకా ఉంది.

రాయమన్న అమ్మాయి అదే అడిగింది. "మేడం క్లాసుల చెప్పిన అవ్వను చూడాలె అంకుల్. ఒక్క ఫోటో, మేడం యాదికి. మీరు చెప్పకపోతే ఊరూరు అడుక్కుంట పోతం."

అలా అడుగుతూ పోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక్క ఫోటో ఊళ్లోని ఫోన్లన్నిటికీ చేరడానికి ఎంతసేపు? రెండు రోజులు ఆలోచించాను. చివరికి, "నేనే తీసుకపోత. ఫోన్లు నా సంచిల ఏయాలె. మొదటి గడప నుంచి మొదలు. అవ్వ ఎవరని నన్ను అడగొద్దు" అన్నాను.

"అన్ని ఇండ్లా! నడుములు వోతయి అంకుల్."

"మీ మేడంకు పోలేదా బిడ్డా?"

ఆదివారం. తెరిపి ఇచ్చింది. ఏడింటి బస్సుకు ఆ అమ్మాయీ, తోటి విద్యార్థులూ, నేనూ వెళ్లాం. ఇళ్ల వరుస కావాలనే మార్చి రాస్తున్నాను. ఒక ఇంట్లో చాయ్. ఒక ఇంట్లో కాల్చిన మక్క కంకులు. ఒక ఇంట్లో "మల్ల ఓట్లొచ్చినయా?" అని నవ్వారు. ప్రతి ఇంట్లో మంచినీళ్లు తాగాం. ప్రతి గడప ముందు మా చెప్పులు అంతే సేపు ఉన్నాయి. ఒక ఇంట్లో ఒకామె చెంబు అందిస్తూ, నా వెనక వాకిట్లోకి చూసి, "మేడం రాలేదా?" అంది. చెంబు అందుకుని నేను, "మేడం పోయింది. గీళ్లు ఆమె దగ్గర సదువుకున్నోళ్లు" అని చెప్పి, మిగతా ఇళ్లలో ఉన్నంతసేపే అక్కడా ఉండి లేచాను.