బీడుల గడ్డి, దొడ్డిల బర్రె

మొన్న ఆదివారం నేను చేసిన పనికి మా గల్లీ గల్లీ ఇంకా నవ్వుతనే ఉన్నది. చాయ్ తాగుకుంట మీరూ వినుండ్రి గని, జర మధ్యల నవ్వకుండ్రి.

మా ఇంటెనుకున్న బీడు మీకు ఎరుకే గద. ఈయేడు వానలు మంచిగ పడ్డయి, గడ్డి నడుమెత్తు పెరిగింది. మోకాలెత్తున్నప్పుడే సగం కోసి ఎండేద్దాం, మిగిలిన సగం బర్రె మేస్తదని మా ఇంటామె సుజాత ఎప్పటిసందో మొత్తుకుంటున్నది. బట్టల దుకాణం నడిపేటోనికి కొడవలి పని ఏం చేతనైతది? రేపు, ఎల్లుండి అనుకుంట జరిపిన. గడ్డి ముదిరి ఎన్ను తీసింది.

ఆదివారం ఆమె తమ్ముని బిడ్డను తొట్లెల ఏస్తున్నరని తొగుటల ఉన్న తల్లిగారింటికి పోయింది. మా బర్రె సుజాతకు వాళ్ల అవ్వ ఇచ్చింది, పేరు లచ్చి. చూడి మీదున్నది, కడుపు ఇంత ముందుకొచ్చింది. నాకంటె దాని మీదనే ఆమెకు పానం. అయితే నాకొక ఉపాయం తట్టింది. కోసుడెందుకు, బర్రెను గడ్డిల ఇడిస్తే అదే మేసి సాపు చేస్తది గద! ఇడిసిపెట్టి, పక్కింట్ల టీవీల క్రికెట్ చూడవోయిన.

పొద్దూకంగ వచ్చి చూస్తే బర్రె లేదు. గడ్డి లోపలికి పోదామంటే పురుగు పుట్ర భయం. గట్టు మీదనే నిలబడి గొంతు పోయేదాక పిలిచిన. సప్పుడు లేదు. ఎవ్వలి చేన్లనో పడి మేసిందేమో, పట్టుకపోయి బందెలదొడ్డిల కట్టేసిన్రేమో అని ఉరికిన. సుజాతకు ఏం జవాబు చెప్పాలె అనుకుంటనే దొడ్డి చేరిన. దొడ్డి కాడున్న ముసలాయన గుర్తులు చెప్పమన్నడు.

"నల్లగుంటది. రెండు కొమ్ములుంటయి" అన్న.

ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, "గసోంటిది ఒకటున్నది, తోల్కపో" అన్నడు.

జుర్మానా కట్టి తోల్కొచ్చిన. కట్టేయవోతే పొడవచ్చింది. పెండ్లాం ఇంట్ల లేదని అలిగిందనుకున్న. కడుపు లోపలికి పోయింది, పాపం ఉపాసమున్నదని గంపెడు తవుడు పెట్టి బుజ్జగించిన గూడ.

తెల్లారి సుజాత వచ్చి కొట్టం దిక్కు చూసింది. "గిదెవ్వలి బర్రె? చూడిది గూడ కాదు గదయ్యా" అన్నది.

నిన్న బీడుల ఇడిసిన సంగతి చెప్పిన. ఆమె ఇంకేమడగలె, బీడు దిక్కు తిరిగి లచ్చీ అని ఒక్కసారి పిలిచింది. గడ్డి కదిలింది. అంచుల లేత గడ్డి మేసి, ముదిరింది ముట్టకుంట, నడిమిట్ల ఇంత జాగ తొక్కుకొని రాత్రంత పండుకున్నది మారాణి. తాపీగ నెమరేసుకుంట బయటికొచ్చింది.

ఆ పరాయి బర్రెను మల్ల దొడ్డికి తోల్కపోయిన. దాని మనిషి అప్పటికే ముసలాయనతోని కొట్లాడుతుండు. నన్ను చూసి ఇద్దరు కొట్లాట ఆపి నవ్విన్రు.

ఇప్పుడు రోజూ పొద్దుగాల గడ్డి కోస్తున్న, చేతుల నిండ బొబ్బలు. నిన్న సుజాత బజార్‌కు పోతుంటే నాకేమన్న చెప్తదేమో అని దర్వాజ కాడ నిలబడ్డ. నా దిక్కు చూడనే లేదు. లచ్చి వీపు నిమిరి, "ఈయనను జర చూస్కో" అని దానికి చెప్పి పోయింది.