తాళం వేయని కుట్టుమిషన్

మొన్న మా బస్తీ బడిలో పిల్లలకు ఇంజినీరింగ్ నేర్పే గది అంటూ ఒకటి తెరిచారు. రిబ్బన్ కత్తిరించారు, చప్పట్లు కొట్టించారు, మోటార్లూ గేర్లూ పేర్చిన అద్దాల బీరువాకు కుంకుమ బొట్లు పెట్టి తాళం వేశారు. పిల్లలు అద్దానికి ముక్కులానించి చూస్తున్నారు. తాళం ఎందుకయ్యా అని అడిగాను. "పిల్లగాండ్లు ఖరాబ్ చేస్తరు తాతా, రేపు జవాబు ఎవరు చెప్పాలె?" అన్నాడు హెడ్మాస్టరు. బడి మెట్లెక్కకుండానే మోటార్లు చుట్టడం నేర్చి బతికినవాణ్ని, నా ఒళ్లు మండింది. ఇంటికొచ్చి కూర్చున్నా మంట తగ్గలేదు గాని, మెల్లగా చాచీ గుర్తుకొచ్చింది.

చాచీ మా పక్కింట్లో, గోడకవతల ఉండేది. వయసులో నాకన్నా చిన్నదే. బస్తీ అంతా చాచీ అంటే నేనూ చాచీ అనే పిలిచేవాణ్ని. భర్త పోయాక తొక్కుడు మిషన్ మీద బట్టలు కుట్టి ఇల్లు నడిపింది. ఆమె వాకిట్లో ఎప్పుడూ కొత్త గుడ్డ వాసనా, మిషన్ నూనె వాసనా కలిసి ఉండేవి. ఒక రంజాన్ నెలలో, పండుగ బట్టలు అరుగు మీద గుట్టపడి ఉండగా, ఆమె కోహీర్‌లో చుట్టాలను చూసి వచ్చేసరికి, బడికి పోయే చిన్నకూతురు పేచ్‌కస్‌తో మరలన్నీ ఊడదీసి, మిషన్ మొత్తం విప్పి చాప మీద పరిచింది. అమ్మీకి మోకాళ్ల నొప్పులు, పాత మిక్సీ మోటారు బిగిస్తే తొక్కే బాధ తప్పుతుందని దాని ఆలోచన. మోటారు సంగతి అటుంచండి, విప్పినదాన్ని తిరిగి బిగిస్తే కింద దారం ఉండలు కట్టింది, కుట్టు పడలేదు.

ఎదురింటి భాభీ ఊరుకుంటుందా? "ఆడపిల్ల చేతికి పేచ్‌కస్ ఇస్తే గిట్లనే అయితది చాచీ. ఇగ పండుగకు మా పోరనికి పాత కుర్తానే!" అంది. తప్పెక్కడుందో నాకు గోడ మీద నుంచే తెలిసింది. సూది లేచే వేళకూ, కింద దారం అందుకునే కొక్కెం తిరిగే వేళకూ జత కుదరడం లేదు. చేతులు దురద పెట్టాయి. లోపలికి వెళ్లబోతే చాచీ ఆపింది.

"భాయ్, నువ్వు జర దూరం ఉండు. అదే ఇప్పింది, అదే బిగిస్తది."

"పండుగ మీదికొచ్చింది చాచీ, గిరాకీ పోతది!"

"పోతె పోనీ. ఇయ్యాల నువ్వు చేయి వెడితె, అది మల్ల ఎన్నడు మిషన్ ముట్టదు."

తొందరున్నవాళ్ల బట్టలు వాపసు ఇచ్చేసి, మిగిలినవి చేత్తోనే కుట్టడానికి కూర్చుంది. ఆ పిల్ల పక్కనే చక్రాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ, సూదిని రెప్ప వేయకుండా చూస్తూ. గోడకివతల నాది మౌనవ్రతం. జన్మలో అంత కష్టపడ్డ పని మరొకటి లేదు. పండుగ ముంగిట్లోకి వచ్చాక ఒక మధ్యాహ్నం టకటక మొదలైంది. "అమ్మీ, కుట్టు పడ్డది!" అని కేక. చాచీ లేచి ఎదురింటి పిల్లవాడి కుర్తా గుడ్డ తీసి కూతురి ముందు పెట్టింది.

ఆ మిషన్‌కు మోటారు బిగించేసరికి పిల్ల పాలిటెక్నిక్‌లో చేరింది. ఇప్పుడు యంత్రాలు తయారయ్యే చోట ఇంజినీరు. రేపు మళ్లీ బడికి పోతాను, తాళంచెవి అడగడానికి. అద్దాల వెనక మోటార్లు ఎన్నేళ్లయినా కొత్తగానే ఉంటాయి; బయట నిలబడ్డ పిల్లలే, చూస్తుండగానే పెద్దవాళ్లయిపోతారు.