ఫ్రిజ్‌కు పెట్టిన నల్లా

మా పక్క క్వార్టర్ కాక మొన్న శనివారం పొద్దున కంపెనీ దవాఖానలో పోయాడు. ఆయాసంతో కొన్నాళ్ళుగా అక్కడే ఉన్నాడు కనుక మరీ అనుకోని కబురేమీ కాదు. అప్పుడు నేను నల్లా దగ్గర బిందె పెట్టుకుని ఉన్నాను. కబురు తెచ్చినాయన చెప్పేసి వెళ్ళాడు. బిందె నిండింది. లోపలికి తెచ్చి పెట్టుకున్నాక గానీ నాకు కూర్చోవాలని తోచలేదు.

కాక నాకు రక్తసంబంధం కాదు. మా పుట్టింటికి పక్క ఊరాయన. ఆ వరసన నాకు కాక, మా ఇంటాయనకు మామ. పెళ్ళయి గోదావరిఖని వచ్చిన కొత్తలో, తెలిసినవాళ్ళంటూ ఎవరూ లేని ఈ కాలనీలో, నన్ను మొదట 'బిడ్డా' అని పిలిచింది ఆయనే. బొగ్గు బాయిలో పంపు నడిపేవాడు. పైన మేము నీళ్ళు రావడం లేదని మొత్తుకుంటుంటే, కింద ఆయన షిఫ్టంతా నీళ్ళు బయటికి తోడిపోసేవాడు. ఆ పని ఇంటికొచ్చినా ఆయన్ని వదిలేది కాదు. వానకు వీధిలో నీళ్ళు నిలిస్తే పార పట్టుకుని దారి తీసేవాడు. పొద్దున్నే పైపు మీద అరచెయ్యి ఆనించి, నీళ్ళు బయల్దేరాయో లేదో చెప్పేవాడు. మేం బిందెలు వరసలో పెట్టాలా వద్దా అన్నది ఆ చెయ్యిని బట్టే ఉండేది.

కాక భార్య చిన్నమ్మకు షుగర్ బీమారి. రోజూ పొద్దున దవాఖానకు పోయి ఇన్సులిన్ సూది వేయించుకోవాలి. మా క్వార్టర్ల వరసకంతటికీ ఉన్న ఒక్క నల్లాకు నీళ్ళొచ్చేదీ సరిగ్గా ఆ వేళకే. చిన్నమ్మ సూదినైనా మానుకునేది గానీ నీళ్ళను వదిలేది కాదు. ఇల్లు గడవొద్దా అనేది. కాక కోపం చేస్తే ఆ ఒక్క రోజు పోయి వచ్చేది. ఒకనాడు నల్లా దగ్గరే సొమ్మసిల్లి పడిపోయింది. వరసలో ఆడవాళ్ళమంతా కలిసి ఎత్తుకెళ్ళాం. ఇట్లాగే సూదులు మానితే మనిషి దక్కదని డాక్టరు కాకకు మొహం మీదే చెప్పాడు. మందు చల్లగా దాచుకోగలిగితే ఇంటికే ఇస్తాననీ, సూది వేయడం నువ్వే నేర్చుకొమ్మనీ అన్నాడు.

అట్లా మా వరసలోకి ఫ్రిజ్ మాట వచ్చింది. బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు తనది అమ్ముతున్నాడని తెలిసి కాక మాట్లాడుకున్నాడు. అది ఇంటికి రావడానికి ఇంకా టైముంది. ఆలోగా ఆయన పాత ఇనుప సామాన్ల కొట్టు నుంచి పైపులు తెచ్చాడు. కాలనీ మేస్త్రీని అడిగి, వీధి నల్లా దగ్గర్నుంచి లైను తీసి, వంటింటి గోడకు బొక్క పెట్టి లోపలికి లాగాడు.

ఏంటని మా ఇంటాయన అడిగితే, ఫ్రిజ్‌కు నీళ్ళ లైను అన్నాడు. ఐసు ఫ్యాక్టరీలో గోడలోంచి వచ్చిన పైపు మిషన్‌లోకి పోవడం ఆయన కళ్ళారా చూశాడు. ఇదీ ఐసు చేసేదే కదా, మరి నీళ్ళెక్కడివి? మాలో ఎవరమూ ఫ్రిజ్‌ను దగ్గర్నుంచి చూసినవాళ్ళం కాదు. మా ఇంటాయన ఆఫీసులో గుమాస్తా, ఇంగ్లీషు పేపరు చదువుతాడు. ఆయనైతే పైపు కాస్త ఎత్తులో ఉంటే మంచిదని సలహా కూడా ఇచ్చాడు. ఫ్రిజ్ వచ్చాకనే చూసుకుందువులే అని చిన్నమ్మ అంటే కాక ఒప్పుకోలేదు.

"మిషన్ వచ్చినంక పైపు ఎతుకుడు కాదు. బాయిల గట్ల చేస్తే మునిగిపోతం. పైపు తయారుంటెనే మిషన్ దిగాలె."

ఫ్రిజ్ ట్రాక్టరు మీద వచ్చింది. వరసంతా గుమిగూడాం. వంటింట్లో నిలబెట్టాక కాక టార్చిలైటు పట్టుకుని దాని వెనక్కి వెళ్ళాడు, కిందికి వంగాడు, మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. పైపు బిగించే చోటే లేదు. వెంట వచ్చిన ఆఫీసరు గారి వంటమనిషి పై అరలోంచి చిన్న రేకు ట్రే తీసి, గ్లాసుతో ఇందులో నీళ్ళు పోసి పెడితే గడ్డ కడతాయని చూపించాడు. కాక ఆ ట్రేను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంటే నీళ్ళు మనమే పొయ్యాల్నా?" అన్నాడు.

చాలాకాలం నవ్వుకున్నాం. కాలనీలో ఆయన పేరే ఫ్రిజ్‌కు నల్లా పెట్టిన కాక అయిపోయింది. ఆయన ఉడుక్కోలేదు. లోపలి దాకా వచ్చిన నీళ్ళను వాపసు పంపుడెందుకని ఆ పైపు కొసకు ఒక నల్లా బిగించి ఊరుకున్నాడు. అదే చిన్నమ్మకు మేలయింది. ఫ్రిజ్ ఒక్కటే వచ్చి ఉంటే ఆ వేళకు ఆమె మళ్ళీ వీధి నల్లా దగ్గరే ఉండేది, నాకు తెలుసు ఆమె సంగతి. ఇప్పుడు బిందె ఇంట్లోనే నిండుతుంటే ముందుగదిలో కుదురుగా కూర్చుని సూది వేయించుకునేది. తెల్లారేసరికే పోవాల్సిన మొదటి షిఫ్టు పడితే కాక ఎవరితోనో బతిమాలి మార్చుకునేవాడు గానీ ఆ సూది ఒక్కనాడూ తప్పించలేదు.

ఆ నల్లా తిప్పితే కీచుమనేది. వీధి నల్లాలన్నీ బాగుచేసే మనిషివి, నీ ఇంట్లోది ఇట్లా ఉందేమని ఒకసారి అడిగాను. మీ చిన్నమ్మే వద్దన్నది అన్నాడు. సూదికి ముందు ఆయన చేతులు కడుక్కునేది అక్కడే. ఆ చప్పుడు వినపడితే ఆమె రవిక చెయ్యి పైకి జరిపి, మొహం గోడవైపు తిప్పుకుని చెయ్యి చాపేదట. సూదిని చూస్తే ఆమెకు భయం.

కాక దవాఖానలో ఉన్నన్నాళ్ళూ చిన్నమ్మ ఆయన మంచం పక్కనే ఉంది. ఆమె సూది అక్కడి నర్సమ్మే వేసేది. చూడ్డానికి పోయినప్పుడు ఆయన తన సంగతేమీ చెప్పలేదు. సూది ఎట్లా మరగబెట్టాలో, మందు ఎంత తీయాలో నర్సమ్మ దగ్గర నాకు నేర్పించాడు. ఎగశ్వాస మధ్యలోనే ఒక మాట అన్నాడు.

"చేతులు కడుక్కున్నంకనే పట్టు బిడ్డా. ఇంక నువ్వే చూసుకోవాలె."

అప్పుడు ఏడవలేదు గానీ ఇంటికొచ్చాక ఏడ్చాను.

శనివారం సాయంత్రం అన్నీ అయిపోయాయి. ఆదివారం పొద్దున చుట్టాలంతా వాకిట్లో ఉన్నారు. చిన్నమ్మ ముందుగదిలో ఎవరి మాటకూ పలక్కుండా కూర్చుని ఉంది. నేను వాళ్ళ వంటింట్లో సూది మరగబెట్టాను, ఫ్రిజ్‌లోంచి మందు సీసా తీసి పక్కన పెట్టాను. నీళ్ళొచ్చే వేళే. చేతులు కడుక్కుందామని నల్లా తిప్పాను, కీచుమంది.

తలుపులోంచి చూస్తే చిన్నమ్మ రవిక చెయ్యి పైకి జరుపుకుంటోంది. మొహం గోడవైపు తిప్పుకుని చెయ్యి చాపింది. నా చేతులు కడుక్కోవడం అయిపోయింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆ నల్లా బంద్ చేయడానికి నాకు చాలాసేపు చేతులు రాలేదు.