ఖాళీ కంటైనర్‌లో ఊపిరి

దెయ్యాల వీడియో ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే తిట్టి, ఆ గ్రూపులోంచే బయటికొచ్చే రకం నేను. హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. ఇప్పటికీ దెయ్యాల్ని నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

జర్మనీలో మాస్టర్స్ అయ్యాక హాంబర్గ్‌లో ఉద్యోగం దొరికింది. కంటైనర్ల రేవులో భద్రతకు ఎక్కడ చిల్లులున్నాయో వెతికి రిపోర్టు రాయడం మా పని. నా ప్రొబెజైట్, అంటే ప్రొబేషన్ కాలం, ముగియడానికి ఇంకో వారం ఉంది. ఆలోగా తీసేస్తే ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు చిక్కుల్లో పడుతుంది.

ఆ మధ్యాహ్నం నేనూ, మా టీమ్ లీడ్ సతీశన్నా ఖాళీ కంటైనర్ల వరుస చూస్తున్నాం. ఆయనది కరీంనగర్. గాలి రంధ్రంలో సన్నటి గొట్టం పెట్టి కార్బన్ డయాక్సైడ్ మీటర్ చూస్తాం. లోపల ఎవరైనా దాక్కుంటే వాళ్ళు వదిలే ఊపిరికి అంకె పెరుగుతుంది. మామూలు గాలికి నాలుగు వందల చిల్లర చూపిస్తుంది.

పదకొండో కంటైనర్ దగ్గర తొమ్మిది వందలు దాటింది. తర్వాత పద్నాలుగు వందలు. ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను.

“మీటర్ సూడరా అంటే రీల్ తీస్తున్నవా?” అన్నాడు సతీశన్న.

“లోపల మనిషున్నడన్నా! తెరుద్దాం.”

“సీల్ మంచిగనే ఉంది. పోర్టోళ్ళకు ఫోన్ చేసిన, వస్తున్నరు. వాళ్ళు రాకముందే తెంపితే నీ నౌకరి పోతది.”

“పోతే పోనీ! మనిషి సస్తుంటే రూల్స్ సూస్తవా?”

ఆయన చేతిలో కట్టర్ లాక్కుని సీల్ నేనే తెంపి, తలుపులు తెరిచాను.

లోపల ఎవరూ లేరు.

గోడలన్నీ చెమ్మతో కారుతున్నాయి. ఎడమ మూలలో మాత్రం, మోకాళ్ళు ముడుచుకుని ఒక మనిషి ఆనుకుంటే ఎంత మేర పడుతుందో, అంత మేర పొడిగా ఉంది. చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

పోర్టు వాళ్ళు వచ్చి టార్చి వేసి మూలమూలా వెతికారు. సీల్ తనే తెంపమన్నానని సతీశన్న వాళ్ళతో చెప్పాడు. తలుపులు మూసి కొత్త సీల్ వేసి వెళ్ళిపోయారు.

ఎందుకో తెలియదు, గొట్టం మళ్ళీ పెట్టాను. నాలుగు వందలు. ఐదు వందలు. ఎనిమిది వందలు.

సతీశన్న కూడా చూశాడు. మెల్లగా గొట్టం బయటికి లాగాడు.

“మీటర్ ఖరాబైందని రాయి తమ్మీ. ఇగ సాలు.”

రాశాను. సంతకం పెట్టాను. మర్నాడు మీటర్‌ను పరీక్షకు పంపితే ఏ లోపమూ లేదన్నారు. కంటైనర్ అప్పటికే ఓడెక్కింది. నా ఉద్యోగం నిలిచింది.

వీడియో ఇంకా ఫోన్‌లోనే ఉంది. చాలాసార్లు చూశాను. ఆ ఊపిరి ఎవరిదో, అసలు ఊపిరో కాదో, ఇప్పటికీ చెప్పలేను. రెండోసారి తెరుద్దామని మాత్రం నేను అనలేదు.