సాంగ్ రాజుల పాఠం, మా నాయన గొంగడి

ఈ ఉదయం సూర్యాపేటలో కోదాడ బస్సు ఎక్కగానే తడిసిన గొంగడి వాసన గుప్పుమంది. ముందు సీటులో ఒక పెద్దాయన గొంగడి మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్నామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఇరవై ఏళ్ల కిందటి మిర్యాలగూడ తరగతి గది కళ్ల ముందుకొచ్చింది. ఆ గదిలో మాకు చరిత్ర చెప్పిన వసంత మేడం లేకపోతే, ఈ రోజు కోదాడ కాలేజీలో నేను అదే చరిత్ర చెప్పి బతికేదాన్ని కాదు.

మేడంది బియ్యం మిల్లుల కుటుంబం. తరాలుగా వడ్ల వ్యాపారం. మిల్లులో వడ్లు ఆరాయో లేదో తెలుసుకోవడానికి గింజను పంటి కింద పెట్టి కొరికి చూస్తారు కదా, ఆ అలవాటు ఆమె తరగతి గదిలోకి కూడా వచ్చింది. టేబుల్ మీద ఎప్పుడూ పిడికెడు వడ్లుండేవి. ఎవరైనా గైడు చూసి బట్టీ పట్టిన జవాబు చెబితే, ఒక గింజ కొరికి, "ఇంకా పచ్చిగనే ఉన్నది, ఆరనియ్యి" అనేది. మేమంతా నవ్వేవాళ్లం, జవాబు చెప్పినవాళ్లు తప్ప.

చైనాను ఏలిన సాంగ్ వంశం గురించి చెప్పిన రోజు ఎవరూ నవ్వలేదు. వరి పండించే, పుస్తకాలు అచ్చువేసే గొప్ప రాజ్యం అది. ఉత్తరాన పొరుగున ఖితాన్లు, మందలు కాసేవాళ్లు. మొదట కొట్లాడుకున్నా తర్వాత అన్నదమ్ములమని ఒప్పందం రాసుకుని నూరేళ్లకు పైగా కలిసి బతికారు. ఇంతలో ఖితాన్ల అవతలి నుంచి జుర్చెన్లనే కొత్తవాళ్లు లేచారు. సాంగ్ రాజు వాళ్లతో చేతులు కలిపి పాత పొరుగువాణ్ని మట్టుపెట్టాడు. నడుమ అడ్డుగా ఉన్నవాడు పోయాడు. కొన్నేళ్లు తిరక్కుండానే జుర్చెన్లు సాంగ్ రాజధాని మీద పడి, రాజునూ రాజు తండ్రినీ బందీలుగా ఈడ్చుకుపోయారు.

నూరేళ్ల పొరుగువాణ్ని ఎందుకు కాదనుకున్నారని మేడం అడిగింది. నేనే లేచాను. ఖితాన్లు అనాగరికులు, పశువుల కాపర్లు, అందుకని అన్నాను. ఏం రోగమో నాకు! పెన్‌పహాడ్‌లో మా ఇంట్లో తాతల నాటి నుంచీ గొర్లే కాశారు. హాస్టల్లో మాత్రం నాయనకు కిరాణా దుకాణం ఉందని చెప్పుకున్నాను. మేడం గింజ కొరకలేదు. "కాపర్లను నువ్వు చూసినవా? ఎవరితోనన్న మాట్లాడినవా?" అంది. లేదన్నాను. తానూ ఎన్నడూ మాట్లాడలేదని, ఇన్నేళ్లూ మాట్లాడకుండానే ఈ పాఠం చెప్పానని ఒప్పుకుంది.

కోతలు అయిపోయిన కాలం అది. ఎరువు కోసం రైతులు తమ మడిలో గొర్ల మందను ఆపించుకుంటారు. మాడుగులపల్లిలో మేడం వాళ్ల పొలంలోనూ ఒక మంద దిగింది. రెండు రోజుల తర్వాత ఆ మంద కాపరిని ఆమె మా తరగతికి తీసుకొచ్చింది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, గుమ్మం బయట విడిచిన చెప్పులు. మా నాయన.

మంద ఈసారి నేరేడుచర్ల వైపు పోయిందనుకున్నాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాయన కళ్లు గదంతా వెతికి నా మీద ఆగాయి, మొహం వెలిగింది. నేను తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాను. మళ్లీ తలెత్తేసరికి ఆయన నా వైపు చూడటం మానేశాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా చూడలేదు.

సాంగ్ రాజు కథంతా మేడం చెబితే శ్రద్ధగా విని, నెమ్మదిగా చెప్పాడు. "మాకు పొలమోళ్లకు లొల్లి ఉండనే ఉంటది మేడం. అయినా మేం లేకుంటే వాళ్ల మడికి ఎరువు లేదు, వాళ్లు లేకుంటే మా మందకు మేత లేదు. కొత్తోడొచ్చి వీన్ని ఎల్లగొడదాం పా అంటే, ముందుగల వాని మంద ఎంతున్నదో సూడాలె. రేపు అది మేసేది మన చేన్లనే గద." మేడం ఆ మాటల్ని నోట్సులో రాసుకుంది.

ఆయన వెళ్లాక మేడం నన్ను బయటికి పిలిచి, ఆయనదీ పెన్‌పహాడేనట, తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. రెండోసారి. ఆమె నన్ను తిట్టలేదు. "పొద్దున వచ్చేటప్పుడు, మా బిడ్డ ఈ కాలేజీలనే సదువుతదని సంబురంగ చెప్పిండు. పోయేటప్పుడు, ఈ కాలేజీ కాదట మేడం, నేనే పొరపాటు పడ్డ అన్నడు" అంది. అంతే చెప్పి వెళ్లిపోయింది.

సాయంత్రం షేర్ ఆటో ఎక్కి మాడుగులపల్లి పోయాను. నన్ను చూసి నాయన అన్నం తిన్నవా అని అడిగాడు. అట్లా ఎందుకు చెప్పావని ఏడ్చాను. "నీకు చిన్నతనమైతదని చెప్పిన బిడ్డా. దానికేంది?" అన్నాడు. కోపం లేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

మర్నాడు మేడం మిగతా పాఠం చెప్పింది. మరో నూరేళ్లకు, దక్షిణాన మిగిలి ఏలుతున్న అదే సాంగ్ వంశం మంగోలులతో కలిసి జుర్చెన్లను మట్టుపెట్టిందట. ఆ మంగోలులే చివరికి సాంగ్ వంశాన్ని తుడిచిపెట్టారు. "ఒకసారంటే తెలవక చేసిండ్రు. రెండోసారి?" అని అడిగింది, ఎవరి వైపూ చూడకుండా. లేచి, నిన్న వచ్చినాయన మా నాయన అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మేడం ఒక గింజ తీసి పంటి కింద పెట్టింది. టక్కుమంది. "ఇప్పుడు ఆరింది" అంది.

మేడం ఇప్పుడు లేదు. నేను ఏటా ఈ పాఠం మొదలుపెట్టే ముందు, మా నాయన గొర్లు కాసేవాడని చెప్పాకే పుస్తకం తెరుస్తాను. అది ఆమె ఇచ్చిన ధైర్యం. కానీ నాయన సంగతి వేరు. నాకు ఉద్యోగం వచ్చాక కూడా, చనిపోయేదాకా, కొత్తవాళ్లెవరైనా మీ బిడ్డ ఏం చేస్తదని అడిగితే, జవాబు చెప్పే ముందు ఆయన ఒక్క క్షణం నా మొహం వైపు చూసేవాడు, చెప్పొచ్చునా అన్నట్టు.