పొగాకు వాసన చేతులు

మా ఆయన చనిపోయాక బోధన్‌లో పొద్దుటి యోగాకు వెళ్లేదాన్ని. పక్క చాప మీద బీడీలు చుట్టే అవ్వ కూర్చునేది. ధ్యానంలోనూ ఆమె వేళ్లు ఆకు చుడుతున్నట్టే కదిలేవి.

ఒకనాడు యోగా నేర్పే సారు, "అరచేతులు రుద్ది కళ్లకు పెట్టుకోండి. ఉన్నదానికి కృతజ్ఞత చెప్పుకోండి" అన్నాడు. నాకేమీ తోచలేదు, కన్నీళ్లొచ్చాయి. అంతలో పొగాకు వాసనతో వెచ్చటి చేతులు నా కళ్లమీద ఆనాయి.

"నీ కళ్లకు పెట్టుకోవాలి అవ్వా!" సారు నవ్వాడు.

"నా కండ్లకేమైంది సారూ, మంచిగనే ఉన్నయ్. గీ బిడ్డవే తడిగున్నయ్."

మా ఆయన పోయాక అప్పటిదాకా నన్నెవరూ అలా తాకలేదు.

అవ్వ ఇప్పుడు లేదు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని, ఆ చేతులను నా దాకా పంపిన దేవుడికి దండం పెట్టి, అరచేతులు రుద్ది కళ్లకు ఆనించుకుంటాను. వెచ్చగానే ఉంటాయి. పొగాకు వాసన మాత్రం రాదు.